తీసెయ్యడం వేరు, ఖాళీగా వదలడం వేరు

"తాతయ్యా, గంట మార్చానా, మారలేదు. పోనీలే అని తీసేశానా, మొత్తం తారుమారైంది!" అని రాత్రి ఫోను. మా మనవరాలు అమ్మలు గేట్ పరీక్షకి చదువుకుంటూ ఢిల్లీలో కటవారియా సరాయ్‌లో గది తీసుకుని ఉంటోంది. ఒకవైపు ఐఐటీ, మరోవైపు జేఎన్‌యూ. నడుమ ఆ ఇరుకు సందుల నిండా దీనిలాంటి ఇంజనీరింగ్ పిల్లలే. చదివి చదివి విసుగొస్తే పైథాన్‌లో చిన్న ప్రోగ్రాములు రాస్తుంది. ఈసారిది న్యూజెర్సీలో ఉన్న బాబాయికి ఇప్పుడు ఫోను చెయ్యొచ్చో లేదో చెప్పే ప్రోగ్రాము.

అమ్మలు చేసిందేమిటంటే, టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో 'అమెరికా/న్యూయార్క్' అని రాసి, ఆ విలువని మళ్లీ చదివించే టీజెడ్‌సెట్‌ని పిలిచింది. బాబాయి గంట చక్కగా వచ్చింది. ప్రోగ్రాము ముగిశాక టెర్మినల్‌లో 'డేట్' అని కొడితే మళ్లీ మన గంటే. "నేను మార్చానుగా!" అంటుంది.

మార్చావే తల్లీ, నీ చీటీలో మార్చావు. నిన్ను ఢిల్లీ రైలెక్కించేటప్పుడు మీ అమ్మ ఇంట్లో ఉన్న చీటీకి నకలు రాసి సంచిలో పెట్టింది చూడు, మందు ఫలానా, డాక్టరు ఫలానా అని. అక్కడికెళ్లి నువ్వు డాక్టరు పేరు కొట్టేసి వేరే పేరు రాసుకున్నావనుకో, రాజమండ్రిలో ఫ్రిజ్ మీద అంటించిన అసలు చీటీ మారుతుందా? ప్రోగ్రాములకీ అంతే. టెర్మినల్‌లోని షెల్ తల్లి, నీ పైథాన్ పిల్ల. పిల్ల పుట్టేటప్పుడు తల్లి పేర్లూ విలువలూ నకలు తీసి ఇస్తుంది. ఆ తర్వాత ఎవరి జ్ఞాపకం వారిది. నీకూ ఒక పిల్ల ప్రోగ్రాము పుడితే దానికి నువ్వు దిద్దిన నకలే వెళుతుంది. కిందికే తప్ప పైకి పోయే దారి లేదు. బెల్ ల్యాబ్స్ వాళ్లు 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌లో పెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ మారలేదు, మారాల్సిన అవసరమూ నాకు కనబడదు. ప్రతి పిల్లా తల్లి చీటీ దిద్దగలిగితే ఇల్లు ఇల్లులా ఉంటుందా?

ఇక అసలు చిక్కు. బాబాయి గంట చూశాక టీజెడ్‌ని తీసెయ్యాలనుకుంది. తీసిందా? లేదు. దాని విలువగా ఏమీ లేని కొటేషన్ గుర్తులు పెట్టింది. అంతే, రాత్రి ఎనిమిదింటికి దాని ప్రోగ్రాము మధ్యాహ్నం రెండున్నర అంది!

ఎందుకంటావా? లినక్స్‌లో టీజెడ్ అనే పేరే లేకపోతే మెషీన్ తన స్థానిక కాలం ఏదో సిస్టమ్ ఫైలు చూసి తెలుసుకుంటుంది. పేరుండి, దాని ఎదుట ఏమీ లేకపోతే మాత్రం యూటీసీ, అంటే సున్నా రేఖాంశం దగ్గరి కాలం, అనుకుంటుంది. మన కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది మన ఆంధ్ర మీదుగానూ పోతుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. దాని గడియారం వెనక్కి పోయింది సరిగ్గా అంతే. ఖాళీ వదలడానికీ, తీసెయ్యడానికీ తేడా ఐదున్నర గంటలన్నమాట.

పేరు తప్పు రాసినా ఇదే తంతు. ఢిల్లీలో కూర్చున్నా, హైదరాబాద్‌లో కూర్చున్నా 'ఆసియా/కోల్‌కతా' అనే రాయాలి. 'ఆసియా/హైదరాబాద్' అని అభిమానంగా రాస్తే డేట్ కమాండ్ కోప్పడదు, గొణగదు, చల్లగా యూటీసీ చూపిస్తుంది. తప్పని చెప్పని తప్పంటే నాకు భయం.

పైథాన్‌లో నిజంగా తీసెయ్యాలంటే ఓఎస్ డాట్ ఎన్విరాన్ మీద పాప్ వాడాలి, రెండో మాటగా నన్ అని ఇచ్చి. డెల్ కూడా పనిచేస్తుంది గానీ పేరు లేకపోతే కీఎర్రర్ అని అరుస్తుంది. సీ భాషలో అన్‌సెట్‌ఎన్వ్ ఉంది. విలువగా నన్ పెట్టబోతే పైథాన్ అక్కడికక్కడే ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ పెద్దమనిషి మాత్రం అన్‌డిఫైన్డ్ పెడితే ఆ మాటనే అక్షరాలా విలువగా రాసుకుంటాడు! అక్కడ డిలీటే గతి. జావా అయితే నడుస్తున్న ప్రోగ్రాము తన చీటీని దిద్దుకోనివ్వదు. పుట్టబోయే పిల్ల చీటీని ప్రాసెస్‌బిల్డర్ దగ్గర దిద్దుకోమంటుంది.

"మరి పాతది మళ్లీ పెట్టాలంటే?" అంది అమ్మలు. మార్చే ముందే పాత విలువ అడిగి దాచుకో. విలువ దొరికితే చివర్లో అదే పెట్టు. నన్ వచ్చిందా, అసలు లేదన్నమాట, పాప్ చెయ్యి. ఆ తర్వాత మళ్లీ టీజెడ్‌సెట్ పిలవాలి సుమా, లేకపోతే ప్రోగ్రాము ఇంకా బాబాయి గంటలోనే ఉంటుంది.

"టెర్మినల్‌లోనే మార్చాలంటే?"

అక్కడే ఎక్స్‌పోర్ట్ అని రాయి, వద్దనుకుంటే అన్‌సెట్. ఒక్క కమాండ్‌కే కావాలంటే దాని ముందు టీజెడ్ విలువ రాసి కొట్టు. ఇక పడుకో, రేపు పొద్దున్నే క్లాసన్నావు.