పోటీదారు కాపీ కొడితేనే గెలుపు

తొంభైల్లో ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి లాంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లకు వీడియో గేమ్ అంటే పసుపురంగు క్యాసెట్ పెట్టి ఆడే టీవీ గేమ్ డబ్బాయే. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనే గేమ్ కన్సోల్‌కు అది నకలు. పోటీ కంపెనీ సెగా చేసిన మెగా డ్రైవ్ కన్సోల్‌ను షా వాలెస్ కంపెనీ మన దేశంలో అమ్మినా ధర 18,000 రూపాయలు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటికి అందేది నకలు సరుకే.

ఆ డబ్బా రిమోట్‌కు, అంటే కంట్రోలర్‌కు, ఎడమవైపు ప్లస్ ఆకారపు బటన్, కుడివైపు ఏ, బీ బటన్లు. అడుగున స్క్రూలు విప్పితే లోపల పల్చటి రబ్బరు షీటు, దాని బుడిపెల కింద నల్లటి కార్బన్ చుక్కలు. బటన్ నొక్కగానే చుక్క దిగి సర్క్యూట్ బోర్డు మీది గీతలను కలుపుతుంది. ఆటలో మారియో బొమ్మ గెంతడం మానేస్తే రిమోట్ విప్పి ఆ చుక్కలు తుడవడం పిల్లలు చేసే మొదటి రిపేరు.

ఆ ప్లస్ బటన్‌ను రూపొందించినవాడు గుంపే యొకోయి. నింటెండో పేకముక్కలు తయారుచేసే కంపెనీగా ఉన్నప్పుడు, 1965లో, యంత్రాలు చూసుకునే పనికి చేరిన ఇంజనీరు ఆయన. 1982లో అరచేతిలో ఇమిడే డాంకీ కాంగ్ ఆటకు పొడుగాటి జాయ్‌స్టిక్ కుదరదు. అందుకని ఈ బటన్ పెట్టాడు. మధ్యలో ఆనిక ఉంటుంది గనక ఒక పక్క దిగితే ఎదుటి పక్క లేస్తుంది. కుడి, ఎడమ ఒకేసారి పడవు. చూపు టీవీ మీద ఉన్నా బొటనవేలికి దిక్కు తెలిసిపోతుంది.

నకలు చేసేవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు దించేశారు. పేరున్న కంపెనీలకు ఆ వీలు లేకపోయింది, 1987లో నింటెండోకు అమెరికా పేటెంట్ వచ్చింది. సెగా గుండ్రటి బిళ్ల పెట్టి గట్టెక్కింది. 1994లో ప్లేస్టేషన్‌తో దిగిన సోనీ, పైకి నాలుగు విడి బటన్లుగా కనిపించేలా చేసి లోపల వాటిని ఒకే ముక్కగా కలిపింది.

కాపీ కొడితే మొదట చేసినవాడికి నష్టమని అనుకుంటాం. కంట్రోలర్ల దగ్గర ఆ లెక్క పూర్తిగా కుదరదు. ఆటలు తయారుచేసే కంపెనీ ఒకే ఆటను అన్ని కన్సోళ్ల మీదా అమ్ముకోవాలని చూస్తుంది. ఒక్కచోటే ఉన్న బటన్‌ను నమ్ముకుంటే మిగతాచోట్ల ఆట నడవదు. పోటీదారులు కూడా పెట్టుకున్నాకే ఏ బటన్‌కైనా నిండా పని దొరుకుతుంది.

1996లో నింటెండో 64తో బొటనవేలితో తిప్పే అనలాగ్ స్టిక్ వచ్చింది. కొద్దిగా వంచితే బొమ్మ నడుస్తుంది, పూర్తిగా వంచితే పరుగెడుతుంది. మరుసటి ఏడాదే సోనీ రెండు స్టిక్‌లు పెట్టింది. ఒకటి మనిషిని నడపడానికి, రెండోది చూపు తిప్పడానికి బాగా పనికొచ్చాయి. 2001లో నింటెండో తన గేమ్‌క్యూబ్‌కు తానే రెండు పెట్టుకుంది. అదే నింటెండో 64 కంట్రోలర్‌కున్న మూడు పిడుల ఆకారం జోలికి మాత్రం పెద్ద కంపెనీలేవీ పోలేదు. అది అక్కడితో ఆగిపోయింది.

ఆటలో దెబ్బ తగిలినప్పుడు చేతిలో కన్సోల్ కంట్రోలర్ అదరడం 1997లో మొదలైంది. ఒకపక్కే బరువున్న చిన్న మోటారు తిరగడమే అందులోని కిటుకు. దీని మీద పేటెంట్లున్న ఇమ్మర్షన్ అనే కంపెనీ 2002లో సోనీ, మైక్రోసాఫ్ట్‌ల మీద దావా వేసింది. మైక్రోసాఫ్ట్ మరుసటి ఏడాది 2.6 కోట్ల డాలర్లతో రాజీపడింది. సోనీ పోరాడి ఓడింది. 2006లో ప్లేస్టేషన్ 3 అదురు లేని కంట్రోలర్‌తో వచ్చింది. 2007లో రాజీ కుదిరాకే అదురు తిరిగొచ్చింది.

పోటీవాళ్లు తీసుకున్నవన్నీ నిలబడతాయనీ లేదు. నింటెండో వీ కన్సోల్ 2006లో చెయ్యి ఊపి ఆడే రిమోట్‌తో ఊపేసింది. 2010లో సోనీ మూవ్, మైక్రోసాఫ్ట్ కినెక్ట్ తెచ్చాయి. సరదా తీరాక జనం మళ్లీ సోఫాలో కూర్చుని బటన్లే నొక్కారు.

అన్నిటికన్నా పనికొచ్చే అనుకరణ ఈమధ్యే జరిగింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. చేతులు, వేళ్లు సరిగ్గా ఆడనివాళ్ల కోసం చేసిందది. చేత్తో పట్టుకోనక్కర్లేదు, ఒళ్లోనో బల్లమీదో పెట్టుకోవచ్చు. పైన రెండు పెద్ద బటన్లు, వెనక 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు 19. మోకాలితో నొక్కే స్విచ్చయినా, పాదంతో తొక్కే పెడలైనా వాటికి తగిలించుకోవచ్చు. 2023 డిసెంబరులో సోనీ కూడా యాక్సెస్ అనే గుండ్రటి కంట్రోలర్ విడుదల చేసింది. రూపం వేరు, జాక్ సైజు మాత్రం అదే 3.5 మిల్లీమీటర్లు. అందువల్ల మామూలు నొక్కుడు స్విచ్చు ఒకసారి కొంటే చాలావరకు రెండింటికీ పనికొస్తుంది. కొత్త కంట్రోలర్ వచ్చినప్పుడు ఎన్ని హంగులున్నాయన్నది తర్వాతి సంగతి. పక్క కంపెనీ దాన్ని తీసుకుందా లేదా అన్నది చూస్తే, అది పదేళ్ల తర్వాత ఉంటుందో లేదో అంచనా వేయొచ్చు.