చీటీ వచ్చింది, బొమ్మ రాలేదు

"ఒరేయ్, పిల్లాడి బొమ్మ వచ్చిందని చూపిస్తోంది కానీ బొమ్మ మాత్రం కనపడట్లేదురా" అంది పెద్దమ్మ ఫోనులో.

ఆర్నెల్లు ఉండి వద్దామని డల్లాస్ దగ్గరున్న మా అన్నయ్య ఇంటికి వెళ్లిందావిడ. అక్కడ పొద్దున తొమ్మిదైంది, ఇక్కడ రాత్రి ఏడున్నర. అన్నయ్యా వదినా ఆఫీసులకు వెళ్లిపోయారు. ముందురోజు బళ్లో పిల్లలంతా ఎవరి దేశపు బట్టలు వాళ్లు కట్టుకొచ్చారట. మనవడు పట్టుపంచె కట్టుకుని వెళ్లాడు. టీచరమ్మ ఫోటో తీసి ఇంటివాళ్ల నంబర్లకు మెసేజ్ చేసింది. పెద్దమ్మ ఫోనులో బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు పెట్టె ఉంది. దాని మీద "డౌన్‌లోడ్ చేయడానికి నొక్కండి" అని రాసి ఉంది. నొక్కితే చిన్న చక్రం కాసేపు తిరిగి ఆగిపోయి, మళ్లీ ఆ మాటే కనిపిస్తోంది.

"ఇంటినిండా వైఫై ఉందిరా. సీరియల్ ఎక్కడా ఆగకుండా వస్తోంది. ఈ ఒక్క బొమ్మకేమొచ్చింది?"

ఎంతోమంది ఇంజినీర్లు కూడా తడుముకునే ప్రశ్న అది. సినిమాలు లాగగలిగిన వైఫై ఒక ఫోటోను ఎందుకు తేలేకపోతుంది? జవాబు తెలియాలంటే, మామూలు మెసేజులో బొమ్మను మోసుకొచ్చే ఎంఎంఎస్ అనే సాధనం ఎలా పుట్టిందో చూడాలి. మన దగ్గర వాట్సాప్ వచ్చాక దీన్ని దాదాపు మరిచిపోయాం. అమెరికాలో బడి కబుర్లు, డాక్టరు కబుర్లు, గుడి కబుర్లు నేటికీ ఎక్కువగా మామూలు మెసేజుల్లోనే నడుస్తాయి. వాటికి బొమ్మ జతచేస్తే చాలాసార్లు అది ఎంఎంఎస్‌గానే వెళుతుంది.

దీని అన్నగారు ఎస్సెమ్మెస్. 1992 డిసెంబరు 3న ఇంగ్లండ్‌లో నీల్ పాప్‌వర్త్ అనే 22 ఏళ్ల ఇంజినీరు కంప్యూటరు ముందు కూర్చుని, వోడాఫోన్‌లో పనిచేసే రిచర్డ్ జార్విస్ ఫోనుకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. లోకంలో మొదటి ఎస్సెమ్మెస్ అదే. ఫోనూ టవరూ తమలో తాము పలకరించుకోవడానికి ఒక సన్నని సంకేతాల దారి ఉంటుంది. ఎస్సెమ్మెస్ ఆ దారిలోనే ఒదిగి వెళ్లేది. అందుకే దానికి దొరికిన చోటు 140 బైట్లు మాత్రమే. ఇంగ్లీషులో అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే ఒక్కో గుర్తుకు రెండేసి బైట్లు పడతాయి కాబట్టి 70కే నిండిపోతుంది. గుణింతాలూ వత్తులూ కూడా ఆ లెక్కలో విడివిడిగా వస్తాయి.

ఆ దారిలో బొమ్మ పట్టదు. లెక్క చూడండి. తొలినాళ్లలో ఎంఎంఎస్ బొమ్మకు పెట్టుకున్న హద్దు 30 కిలోబైట్లు. గోరంత బొమ్మ అది. దాన్ని ఎస్సెమ్మెస్ ముక్కలుగా కోస్తే 220 ముక్కలవుతుంది. ఒక్క ముక్క తప్పిపోయినా బొమ్మ పాడైపోతుంది.

బొమ్మను ఫోనులో పంపాలన్న కోరిక ప్రమాణాలు రాసేవాళ్లకంటే ముందు ఒక తండ్రికి కలిగింది. 1997 జూన్ 11న కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్‌లో ఫిలిప్ కాన్ భార్య ప్రసవానికి ఆసుపత్రిలో చేరింది. ఆమె నొప్పులు పడుతున్న గంటల్లో ఆయన ఒక డిజిటల్ కెమెరాను, సెల్‌ఫోనును, లాప్‌టాప్‌ను తీగలతో కలిపి, అవి ఒకదాని మాట ఒకటి వినేలా ప్రోగ్రాం రాసుకున్నాడు. కూతురు సోఫీ పుట్టగానే తీసిన ఫోటో రెండువేల మందికి పైగా బంధుమిత్రులకు అందింది. మూడేళ్లకు, 2000 నవంబరులో, జపాన్‌లో జే-ఫోన్ సంస్థ షార్ప్ చేసిన కెమెరా ఫోనును అమ్మకానికి పెట్టింది. తీసిన ఫోటోను ఆ ఫోను నుంచే పంపే వీలు అందులో ఉండేది.

ఏ కంపెనీ ఫోను నుంచైనా ఏ కంపెనీ ఫోనుకైనా బొమ్మ వెళ్లాలంటే అందరికీ ఒకే పద్ధతి కావాలి. అలా కూర్చుని రాసుకున్న పద్ధతే ఎంఎంఎస్. 2002 మార్చిలో నార్వేలో టెలినార్ దాన్ని జనానికి అందించింది. ఆ ఏడే నోకియా 7650 వచ్చింది. దాని కెమెరా బొమ్మ 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు. ఆనాటి జీపీఆర్ఎస్ డేటా సెకనుకు అయిదు కిలోబైట్లు మోస్తే గొప్ప. 30 కిలోబైట్ల బొమ్మ ఆరు సెకన్లలో వచ్చేది. ఇవాళ్టి ఫోను తీసే మూడు మెగాబైట్ల ఫోటోకు ఆ వేగంలో పది నిమిషాలు పడుతుంది.

పద్ధతి రాసినవాళ్లకు ఇంకో చిక్కు ఎదురైంది. పంపే సమయానికి అవతలివాళ్ల ఫోను ఆపి ఉండొచ్చు, సిగ్నల్ లేని చోట ఉండొచ్చు, అసలు బొమ్మ చూపలేని పాత ఫోను కావచ్చు. అంత పెద్ద సరుకును చేతిలో పట్టుకుని ఎంతసేపని గుమ్మంలో నిలబడతారు? అప్పుడు వాళ్లు చేసిన ఏర్పాటు మన పోస్టాఫీసు చేసేదే. పార్సెల్ బరువైనదైతే పోస్ట్‌మ్యాన్ దాన్ని మోసుకురాడు, చీటీ ఇచ్చి పోతాడు. చీటీ పట్టుకుని మనమే వెళ్లి పార్సెల్ తెచ్చుకోవాలి.

టీచరమ్మ పంపిన ఫోటో ముందు టెలిఫోన్ కంపెనీవాళ్ల సర్వరుకు చేరింది. ఎంఎంఎస్‌సీ అంటారు దాన్ని. ఆ సర్వరు పెద్దమ్మ ఫోనుకు బొమ్మను పంపలేదు. ఒక చిన్న చీటీ పంపింది. ఎవరు పంపారు, ఎంత బరువు, ఏ చిరునామాలో దాచాం, ఎప్పటిదాకా ఉంచుతాం అన్న నాలుగు ముక్కలు అందులో ఉంటాయి. ఈ చీటీ వచ్చేది ఎస్సెమ్మెస్ దారిలోనే. డేటా ఆపేసి ఉన్నా వస్తుంది. బూడిదరంగు పెట్టెగా కనిపించేది ఆ చీటీయే. దాన్ని చదువుకున్న ఫోను డేటా దారి తెరుచుకుని, చీటీలోని చిరునామాకు వెళ్లి బొమ్మ తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాక అందిందని రసీదు పంపుతుంది.

ఆ చిరునామా చాలాచోట్ల టెలిఫోన్ కంపెనీ ప్రహరీ లోపల ఉంటుంది. బయటి ఇంటర్‌నెట్ నుంచి వెళితే గేటు తెరవరు. వైఫై అంటే బయటి వీధి. సిమ్ ద్వారా వెళ్లే మొబైల్ డేటాయే ఆ గేటులోంచి పోయే దారి. వైఫై మీద కూడా బొమ్మ ఇచ్చే ఏర్పాటు కొన్ని కంపెనీలు ఈమధ్య చేశాయి కానీ, అన్నీ చేయలేదు. పెద్దమ్మకు సీరియల్ వస్తూ మనవడి బొమ్మ రాకపోవడానికి కారణం ఇదే. ఇంట్లో వైఫై ఉంది కదా అని అన్నయ్య ఆవిడ ఫోనులో మొబైల్ డేటా ఆపేసి పెట్టాడు.

"పెద్దమ్మా, పైనుంచి కిందికి వేలితో లాగు. మొబైల్ డేటా అని ఉంటుంది, దాన్ని నొక్కు. వైఫై కాసేపు ఆపెయ్యి. ఇప్పుడా పెట్టె మీద నొక్కు."

చక్రం తిరిగింది. అయిదారు సెకన్లు. "వచ్చాడురా! వచ్చాడు!" అని ఆవిడ కేక. బొమ్మ అనలేదు.

అన్ని ఇళ్లలోనూ ఇంత తేలిగ్గా తేలదు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్నింటిలో, మొబైల్ డేటా ఆపి ఉన్నా ఎంఎంఎస్ వరకు అనుమతించే మీట సిమ్ సెట్టింగుల్లో ఉంటుంది. పెద్దవాళ్ల ఫోనులో దాన్ని ఆన్ చేసి పెడితే ఈ బాధే ఉండదు. డేటా ఆన్‌లో ఉండీ బొమ్మ రాకపోతే అనుమానించాల్సింది ఏపీఎన్‌ను. ఏ గేటులోంచి వెళ్లాలో ఫోనుకు చెప్పే పట్టిక అది. ఎంఎంఎస్‌సీ చిరునామా, ప్రాక్సీ, పోర్టు అన్న గడులు అందులోనే ఉంటాయి. కింద ఏపీఎన్ రకం అని ఇంకో గడి ఉంటుంది. అందులో కామాలతో వేరుచేసిన మాటల మధ్య, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎంఎంఎస్ అన్న మాట లేకపోతే ఫోను అసలు బయలుదేరదు. సిమ్ మార్చినప్పుడు, ఒక కంపెనీ దగ్గర కొన్న ఫోనులో ఇంకో కంపెనీ సిమ్ వేసినప్పుడు ఈ పట్టిక తప్పుతుంది. నాకు తెలిసిన ఒక ఫోనులో ఆ మాటకు ముందుండాల్సిన కామా ఎగిరిపోయి మూడు నెలలు ఒక్క బొమ్మా రాలేదు. ఏపీఎన్‌ను రీసెట్ చేసి, ఫోను ఆపి మళ్లీ వేస్తే చాలావరకు సరిపోతుంది. సరిపోకపోతే కంపెనీవాళ్లు తమ సైటులో పెట్టే వివరాలను అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాలి.

రెండు సిమ్‌ల ఫోన్లలో చీటీ ఒక సిమ్‌కు వచ్చి, డేటా రెండోదాని మీద ఉంటే కొన్ని ఫోన్లు తికమకపడతాయి. చీటీ వచ్చిన సిమ్ మీదికి డేటా మార్చి నొక్కి చూడాలి. ఇక గడువు దాటిపోతే ఏ కిటుకూ పనిచేయదు. సర్వరు ఆ బొమ్మను తీసిపారేసి ఉంటుంది. బూడిదరంగు పెట్టె ఏళ్లతరబడి కళ్ల ముందు ఉన్నా దాని వెనక ఏమీ ఉండదు. పంపినవాళ్లను మళ్లీ పంపమని అడగడమొక్కటే మార్గం.

బొమ్మ తనంతట తాను దిగకుండా, మనం నొక్కేదాకా ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2015 జులైలో జింపీరియం సంస్థకు చెందిన జాషువా డ్రేక్ ఆండ్రాయిడ్‌లో ఒక పెద్ద కన్నాన్ని బయటపెట్టాడు. దానికి స్టేజ్‌ఫ్రైట్ అని పేరు పడింది. కల్తీ చేసిన వీడియోను ఎంఎంఎస్‌గా పంపితే, ఫోను దాన్ని తనే తెచ్చుకుని విప్పి చూసే క్రమంలో దొంగ లోపలికి దూరవచ్చు. యజమాని మెసేజ్ తెరవక్కర్లేదు, నంబరు తెలిస్తే చాలు. కోట్ల ఫోన్లు ఆ ముప్పులో పడ్డాయి. దాంతో ఆటోమేటిక్‌గా తెచ్చుకోవడం ఆపేయమని అందరూ చెప్పారు. జర్మనీలో డాయిచ్ టెలికామ్ కొంతకాలం బొమ్మలను ఆపి, చీటీలు మాత్రమే పంపింది. తరువాత కన్నం పూడ్చారు. అయినా ముక్కూమొహం తెలియని నంబరు నుంచి వచ్చిన పెట్టెను నొక్కకపోవడమే మంచిది.

మన దేశంలో ఎంఎంఎస్ అన్న మాటకే మచ్చ పడింది. 2004లో ఢిల్లీలో ఒక అమ్మాయి గౌరవాన్ని బజారున పెట్టిన వీడియో ఈ దారిలో పాకింది. ఆ తరువాత పత్రికల భాషలో ఎంఎంఎస్ అంటే చాటుమాటు వీడియో అనే అర్థం స్థిరపడిపోయింది. 2012 ఆగస్టులో వదంతులకు భయపడి ఈశాన్య రాష్ట్రాలవాళ్లు బెంగళూరు నుంచి రైళ్లకు రైళ్లు వెళ్లిపోతున్నప్పుడు కేంద్రం మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లనూ ఎంఎంఎస్‌లనూ పదిహేను రోజులు నిలిపేసింది. ఒక్కో బొమ్మకూ విడిగా డబ్బు పడటం కూడా జనాన్ని దూరం చేసింది. అమెరికాలోనూ ఇది అంత సాఫీగా సాగలేదు. 2007లో వచ్చిన మొదటి ఐఫోనుకు ఎంఎంఎస్ రానేరాదు. అక్కడ ఐఫోను వాడే ఏటీ అండ్ టీ వినియోగదార్లకు బొమ్మకు బదులు ఒక సైటు పేరూ సంకేతపదమూ మెసేజుగా వచ్చేవి. కంప్యూటరు దగ్గర కూర్చుని వాటిని టైపు చేసి చూసుకోవాలి. తరువాతి ఐఫోన్లు కొన్నవాళ్లకు కూడా 2009 సెప్టెంబరు 25న గానీ ఆ సదుపాయం రాలేదు.

పెద్దమ్మ మళ్లీ ఫోను చేసింది. "పంచె అంచు జరీ కనపడట్లేదురా. అలికినట్టుంది."

అలికింది ఫోనే. ఎంఎంఎస్ హద్దు 30 నుంచి 100కు, 300కు, 600 కిలోబైట్లకు పెరుగుతూ వచ్చింది కానీ, కెమెరాలు అంతకంటే వేగంగా పెరిగాయి. మూడు మెగాబైట్ల ఫోటో ఆ సంచిలో పట్టాలంటే నొక్కి కుక్కాలి. ఆ కుక్కే విద్య వెనక మనవాళ్లున్నారు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, మద్రాసు గిండీలో ఇంజినీరింగు చదివిన కామిశెట్టి రామమోహనరావు కలిసి 1974 జనవరిలో ఒక గణిత పద్ధతిని ప్రచురించారు. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. అంతకుముందు అహ్మద్ దీనికోసం అమెరికా ప్రభుత్వ సంస్థను నిధులడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక పరిశీలకుడు అన్నాడట. 1992లో వచ్చిన జేపెగ్‌కు గుండెకాయ ఆ సులువైన ఆలోచనే.

బొమ్మను అటు ఎనిమిది, ఇటు ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తారు. ప్రతి గడిలోని 64 చుక్కలను అలల మొత్తంగా మార్చి రాస్తారు. గోడ, ఆకాశం, బుగ్గ లాంటి నెమ్మదైన మార్పులు పెద్ద అలలు. జరీ, వెంట్రుకలు, నేత పోగులు చిన్న అలలు. మన కన్ను చిన్న అలలను అంతగా పట్టించుకోదు కాబట్టి వాటిని ముందు వదిలేస్తారు. ఎక్కువ కుక్కితే ఎక్కువ వదలాలి. వచ్చిన బొమ్మను బాగా పెద్దది చేసి చూస్తే ఆ గళ్ల అంచులు కూడా కనిపిస్తాయి. పిల్లాడి మొహం మిగిలి జరీ పోవడం అందుకే. రామమోహనరావు దశాబ్దాలపాటు పాఠం చెప్పిన టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో, పెద్దమ్మ ఉన్న డల్లాస్ పక్కనే ఉంది. ఆ మాట చెబితే ఆవిడ ఎంతో సంబరపడింది.

జరీ చూడాలంటే అసలు ఫోటోను ఈమెయిల్లో పంపమని టీచరమ్మను అడగాలి. లేదా రెండు ఫోన్లలోనూ ఆర్‌సీఎస్ అనే కొత్త పద్ధతి ఆన్‌లో ఉండాలి. అది వైఫై మీద కూడా నడుస్తుంది, పెద్ద ఫోటోలను మోస్తుంది. 2024లో ఐఫోను కూడా దానికి ఒప్పుకుంది. 2023 జనవరిలో జర్మనీలో వోడాఫోన్, స్విట్జర్లాండ్‌లో స్విస్‌కామ్ ఎంఎంఎస్‌ను మూసేశాయి. మిగతాచోట్ల కూడా ఎక్కువకాలం ఉంటుందనుకోను.

ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోను ఒకసారి తీసి మెసేజులు పైదాకా జరిపి చూడండి. బూడిదరంగు పెట్టెలు కనిపిస్తే మొబైల్ డేటా ఆన్ చేసి, తెలిసినవాళ్లు పంపినవి ఒక్కొక్కటీ నొక్కండి. రానివాటిని పంపినవాళ్లకు ఇవాళే ఫోను చేసి, మళ్లీ పంపమని అడగండి. వాళ్ల ఫోన్లలోనైనా ఆ ఫోటోలు ఇంకా ఉండి ఉంటాయి.