బయటివాడు రాసిన చరిత్రను ఎట్లా చదవాలి?

జేమ్స్ క్లావెల్ నవల ‘షోగన్’ 1975లో వచ్చింది. 1600 నాటి జపాన్ దాని వస్తువు. రచయిత రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి ఖైదీగా చిక్కిన బ్రిటిష్ సైనికుడు. పరాయివాడు రాసిన జపాన్‌ను ఎంతవరకు నమ్మాలి అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి జపాన్ దాకా పోనక్కర లేదు.

మా గోదావరిఖని నుంచి గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడి గోండుల పోరాటం మీద అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ నవల 1983లో వెలువడింది. రచయితలిద్దరూ గోండులు కారు. భీం మాతృభాష గోండి, నవల తెలుగు. కాబట్టి ఇదీ బయటివాళ్ల రచనే. ఆ మాట ఒప్పుకున్నంత మాత్రాన నవల విలువ తగ్గదు.

చూడవలసింది కథ ఎవరి కళ్లతో నడుస్తున్నదని. ‘షోగన్’లో జపాన్ మనకు ప్రధానంగా బ్లాక్‌థార్న్ అనే ఇంగ్లీషు నావికుడి ద్వారా పరిచయమవుతుంది. అతనికి వింతగా తోచిందే మనకూ వింత. ‘కొమురం భీం’లో భూమినీ అడవినీ పోగొట్టుకున్నవాళ్లే కథకు కేంద్రం. వాళ్ల జీవితం అక్కడ వింత కాదు, అన్యాయానికి గురైన జీవితం. తేడా దృక్పథంలో ఉంది.

పేర్ల సంగతి కూడా గమనించాలి. క్లావెల్ తొకుగావా ఇయెయాసును తొరనాగాగా, విలియం ఆడమ్స్‌ను బ్లాక్‌థార్న్‌గా మార్చి కల్పనకు చోటు చేసుకున్నాడు. రాజయ్య, సాహు అసలు పేరే ఉంచారు. 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల చేతిలో నేలకొరిగిన మనిషి పేరది. పేరు ఉంచినవాడు ఆ ఊరికి జవాబుదారీ.

అయితే దృక్పథం సరైనదైతే చాలదు. ఇది నా అనుభవం. ఇరవై ఏళ్లుగా కార్మికుల పిల్లలకు పాఠాలు చెప్తున్నాను కాని, బాయిలోకి దిగలేదు. అయినా బాయిలో పైకప్పు కూలిన ప్రమాదం మీద కథ రాశాను. సానుభూతికి లోటు లేదు. ఒక విద్యార్థి తండ్రి, రిటైరైన టింబర్‌మన్, అది చదివి అన్నాడు: “సారూ, మీ కథల కప్పు సప్పుడు చెయ్యకుండ కూలింది. కూలే ముందు కట్టె మాట్లాడ్తది. మేం దాని మాట ఇనే బతికినం.”

నా కథలో కార్మికుడు బాధితుడే తప్ప తెలిసినవాడు కాలేదు. బయటి రచయితకు సాధారణంగా జరిగే పొరపాటు ఇదే.

అందుకే అటువంటి నవల పక్కన లోపలివాళ్ల మాట పెట్టుకొని చదవాలి. గోండుల గాథలను తరతరాలుగా ప్రధాన్‌లు కిక్రీ వాయిస్తూ పాడుతున్నారు. ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాతప్రతులు దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. హైమెన్‌డార్ఫ్ ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వచ్చింది. అతనూ బయటివాడే, ఆస్ట్రియా దేశస్థుడు. వీటన్నిటి మధ్య నవలను నిలబెట్టి చూస్తే, అది ఎక్కడ విన్నదో, ఎక్కడ ఊహించిందో తెలుస్తుంది. ఊహించడం నేరం కాదు. విన్నట్టు నటించడం నేరం.

నా కథ తిరిగి రాశాను. ఈసారి అచ్చుకు పంపకముందే ఆ టింబర్‌మన్‌కు చదివి వినిపించాను. ఇంకా రెండు చోట్ల ఆపాడు.