డార్విన్‌ను ఏమడగాలి, ఏమడగకూడదు: అపోహలు – వాస్తవాలు

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేసి ఆ పాఠాన్ని తిరిగి పెట్టమని కోరారు. ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా రెండు మాటలు గట్టిగా వినిపిస్తాయి. డార్విన్ చెప్పింది రుజువు లేని ఊహేనని కొందరు అంటారు. మనిషి బతుకులో ప్రతిదానికీ జవాబు అందులోనే ఉందని ఇంకొందరు అంటారు. ఆ సిద్ధాంతానికి ఇద్దరూ అన్యాయమే చేస్తున్నారు. అది చేసి చూపించిన పని చాలా పెద్దది, దాని పరిధి దాటిన ప్రశ్నలూ చాలా ఉన్నాయి. పదిహేనేళ్ల పిల్లలకు ఈ రెండు సంగతులూ చెప్పగల పాఠాన్నే తొలగించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అపోహ: పరిణామ సిద్ధాంతం జరిగిపోయినవాటికి కథలు అల్లుతుందే తప్ప, ముందుగా ఏదీ చెప్పలేదు.

చెప్పింది. 1862లో డార్విన్ మడగాస్కర్ దీవికి చెందిన ఒక ఆర్కిడ్ పువ్వును పరిశీలించాడు. దాని తేనెగొట్టం పొడవు దాదాపు అడుగు, తేనె మాత్రం అట్టడుగునే ఉంది. పువ్వూ, దాని మీద వాలే పురుగూ తరతరాలుగా ఒకదాన్నిబట్టి ఒకటి మారుతూ వచ్చాయనుకుంటే, అంత పొడవైన నాలుక ఉన్న మాత్ పురుగు ఆ దీవిలో ఎక్కడో ఉండి తీరాలని ఆయన రాశాడు. అలాంటిది అప్పటికి ఎవరి కంటా పడలేదు. డార్విన్ 1882లో కన్నుమూశాడు. ఆ పురుగును శాస్త్రవేత్తలు గుర్తించి నమోదు చేసింది 1903లో.

ఇంకోటి మన కాలంలోనే జరిగింది. చేపల నుంచి నాలుగు కాళ్ల జంతువులు వచ్చిన మాట నిజమైతే, మధ్య రూపంలో ఉన్న జీవి సుమారు 37 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరకాలి. శిలాజాలను అధ్యయనం చేసే శాస్త్రవేత్త నీల్ షుబిన్ బృందం ఈ లెక్క ముందు వేసుకుని, ఆ వయసు రాళ్లు బయటపడి ఉన్న చోటు కోసం వెతికింది. కెనడా ఉత్తర కొసన మంచు మధ్య ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో కొన్నేళ్లపాటు వేసవుల్లో తవ్వారు. 2004లో టిక్టాలిక్ అనే జీవి శిలాజం దొరికింది. చేపలాగా పొలుసులున్నాయి. చేపకు ఉండని మెడ ఉంది. ఈత రెక్కల లోపల మణికట్టును పోలిన ఎముకలున్నాయి. ఏ రాళ్లలో ఏం దొరకాలో ముందే చెప్పి, దొరక్కపోయే ప్రమాదానికీ సిద్ధపడింది ఈ సిద్ధాంతం. దాని మీద నాకున్న గౌరవమంతా ఇక్కడి నుంచే వచ్చింది.

అపోహ: మనిషి కోతి నుంచి పుట్టాడంటారు. అయితే కోతులు ఇంకా ఎందుకున్నాయి?

ఇప్పుడున్న కోతి నుంచి మనిషి వచ్చాడని ఆ సిద్ధాంతం చెప్పలేదు. మనకూ చింపాంజీకీ సుమారు 60–70 లక్షల ఏళ్ల కిందట ఒకే పూర్వీకులు ఉండేవారని చెప్పింది. పెదనాన్న పిల్లలు బతికున్నంత మాత్రాన మనకూ వాళ్లకూ తాత ఒకరు కాకుండా పోడు.

అపోహ: ప్రాణం ఎలా పుట్టిందో డార్విన్ చెప్పేశాడు.

చెప్పలేదు. తనలాంటి ఇంకో ప్రతిని తయారుచేసుకోగల జీవి ఒకటంటూ ఏర్పడ్డాక ఏం జరిగిందన్నదే 1859లో వచ్చిన ఆయన పుస్తకం విషయం. మొదటి జీవి సంగతి వేరే ప్రశ్న. దాని మీద 1920లలో రష్యాలో ఒపారిన్, ఇంగ్లండులో హాల్డేన్ విడివిడిగా ఆలోచించారు. తొలినాటి సముద్రాల్లో రసాయనాలు కలిసి ప్రాణానికి కావలసిన ముడిసరుకు తయారై ఉంటుందని వారి ఊహ. 1953లో స్టాన్లీ మిల్లర్ నీరు, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్‌లను గాజు సీసాల్లో పెట్టి విద్యుత్ మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు సంపాదించాడు. అది గొప్ప ప్రయోగమే. అయితే ఆనాటి గాలి మిల్లర్ కలిపిన వాయువుల మిశ్రమంలా ఉండి ఉండకపోవచ్చని తర్వాత తేలింది. అమైనో ఆమ్లాలకూ బతికున్న కణానికీ మధ్య దూరం ఇంకా పూడలేదు. ఈ సంగతి ఒప్పుకున్నందువల్ల టిక్టాలిక్ అబద్ధం అయిపోదు.

అపోహ: బలవంతుడిదే బతుకు అని ప్రకృతే తీర్పు చెప్పింది కాబట్టి సమాజమూ అలాగే నడవాలి.

ఈ అపోహ వల్ల మనుషులు నలిగిపోయారు. తగినవే మిగులుతాయన్న ప్రసిద్ధమైన మాట మొదట వాడింది హెర్బర్ట్ స్పెన్సర్, 1864లో. డార్విన్ దాన్ని తన పుస్తకంలోకి తర్వాత తీసుకున్నాడు. తగినది అంటే కండబలం ఉన్నదని కాదు, ఆ చోట ఆ కాలంలో ఎక్కువ సంతానాన్ని మిగల్చగలిగినదని. నేల మారితే, వాన మారితే, తగినదీ మారుతుంది. ఏది జరుగుతోందో చెప్పే ఈ మాటను ఏది జరగాలో చెప్పే ఆజ్ఞగా మార్చేశారు. బుద్ధిమాంద్యం ఉందన్న ముద్ర వేసి మనుషులకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయవచ్చని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1933లో నాజీ జర్మనీ అలాంటి చట్టమే తెచ్చింది. ఈ ధోరణిని జన్యుశాస్త్రంలోనే ఆరితేరిన హాల్డేన్ 1938లో ఒక పుస్తకమే రాసి విమర్శించాడు. ఎవరిని బతకనివ్వాలి, ఎవరిని ఆదుకోవాలి అన్నవి మనుషులు తేల్చుకోవలసిన ప్రశ్నలు. వాటికి జవాబు జీవశాస్త్రంలో వెతకడమే మొదటి తప్పు.

అపోహ: జబ్బు తెచ్చే జన్యువు చెడ్డదే. ప్రకృతి ఎంపిక నిజమైతే అది ఎప్పుడో మాయమైపోవాలి.

మాయమైపోనక్కర్లేదు. ఎందుకో సూచించింది కూడా హాల్డేనే. ఆయన తర్వాత, 1957లో, భారతదేశానికి వచ్చి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరాడు.  

తలసీమియా లాంటి రక్తవ్యాధి మధ్యధరా తీరాల్లో అంతమందికి ఎందుకుందన్న ప్రశ్నకు 1949లో ఆయన ఒక జవాబు సూచించాడు. ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే మలేరియాను తట్టుకునే శక్తి ఇస్తుందేమో, ఆ మేలు వల్లే అది నిలిచి ఉంటుందేమో అన్నాడు. అయిదేళ్లకు, 1954లో, ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ జన్యువు విషయంలో అదే చూపించాడు. ఒక ప్రతి ఉన్నవాళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. రెండు ప్రతులూ ఉన్నవాళ్లకు ఎర్రకణాలు కొడవలిలా వంగి, రక్తనాళాల్లో ఇరుక్కుని, భరించలేని నొప్పులు వస్తాయి.

మలేరియా ఉన్న మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఈ జన్యువు ఉంది. 2047 నాటికి సికిల్ సెల్ వ్యాధిని నిర్మూలించాలని కేంద్రం 2023 జూలైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక ప్రతి ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కాబట్టి పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోవాలని చెప్పగలుగుతున్నారు. సిద్ధాంతం చేతికి అందించిన మేలు ఇది. కానీ నొప్పితో అల్లాడుతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని, మా ఇంటికే ఎందుకొచ్చిందని అడిగే తల్లికి అందులో జవాబు లేదు. ఆ జన్యువు ఆ జనంలో ఎందుకు నిలిచిందో అది చెబుతుంది. ఆ బిడ్డకు మందు, ఆ తల్లికి తోడు మనం ఇవ్వాల్సినవి.

అపోహ: "మా అమ్మమ్మది మేనరికం, మా అమ్మది మేనరికం. అందరం నిక్షేపంలా ఉన్నాం. ఈ సైన్సు మాటలన్నీ భయపెట్టడానికే."

దీనికి ఎదురు అపోహ కూడా అంతే బలంగా ఉంది: మేనరికం చేసుకుంటే పిల్లలకు లోపం తప్పదని. లెక్క చూద్దాం. తాతగారిలో ఒక లోపపు జన్యువు ఒంటి ప్రతిగా ఉందనుకుందాం. ఆయనకేమీ కాదు. ఆయన కొడుకు తన అక్క కూతుర్ని చేసుకుంటే, పుట్టే బిడ్డకు ఆ జన్యువు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వచ్చే అవకాశం 32లో ఒకటి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లాడితే 64లో ఒకటి. అలాంటి లోపపు జన్యువులు ప్రతి మనిషిలోనూ కొన్ని దాగి ఉంటాయి కాబట్టి అన్నీ కలిపి చూడాలి. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు తీవ్రమైన పుట్టు లోపాలతో పుడితే, మేనత్త మేనమామ పిల్లల పెళ్లిలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. మేనమామ పెళ్లిలో ముప్పు ఇంకాస్త ఎక్కువ. అంటే చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. నిక్షేపంలా ఉన్న ఆ కుటుంబం సైన్సును కాదన్నట్టు కాదు, అది చెప్పిన లెక్కలోనే ఉంది.

పిఠాపురంలో పుట్టి హాల్డేన్‌కు శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలో ఈ పెళ్లిళ్లనే అధ్యయనం చేశారు. తరతరాలుగా మేనరికాలు జరిగిన చోట రెండు ప్రతులూ కలిసిన పిల్లలు మిగలక, చెడ్డ జన్యువులు క్రమంగా రాలిపోయి ఉండాలని 1960లలో ఒక వాదన కూడా వచ్చింది. తర్కం చక్కగానే ఉంది. కానీ కొత్త మార్పులు పుడుతూనే ఉంటాయి, పెళ్లిళ్లన్నీ మేనరికాలే కావు. తెలుగు ఇళ్లలో అలాంటి జన్యువుల వల్ల వచ్చే వ్యాధులు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. కాగితం మీద కుదిరినంత మాత్రాన ఆ వాదనను నమ్ముకుని సంబంధం ఖాయం చేసుకోకూడదు.

మేనరికం అనుకున్నవాళ్లు వేసుకోవలసిన ప్రశ్నలు వేరు. రెండు వైపులా పసితనంలోనే పోయిన పిల్లలు, చెవుడు, బుద్ధిమాంద్యం, రక్తం ఎక్కించాల్సిన జబ్బులు ఉన్నాయా? మూడు తరాల వివరాలు రాసుకుని వెళితే హైదరాబాద్ నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగం లాంటి చోట్ల, ఆ కుటుంబానికి ఏ పరీక్షలు అవసరమో చెబుతారు. ఆ తర్వాత పెళ్లి చేసుకోవాలో వద్దో తేల్చుకోవలసింది ఆ అమ్మాయీ అబ్బాయీ.