మైదానంలో పులి... పరీక్ష హాల్లో?

కూతకెళ్తే ఇద్దరు ముగ్గురిని అవుట్ చేసిగానీ వెనక్కి రాని అమ్మాయి. ఆఖరి నిమిషంలో జట్టు రెండు పాయింట్లు వెనకబడినా చెక్కుచెదరదు. అదే అమ్మాయికి పదో తరగతి లెక్కల పేపరు చేతికందగానే అరచేతులు చెమర్చేస్తాయి. రాత్రి పదిసార్లు చేసిన లెక్క కూడా గుర్తుకురాదు. 'అంతమంది ముందు ఆడేటప్పుడు లేని భయం, ఈ కాగితం చూస్తే ఎందుకే?' అని అమ్మ తలపట్టుకుంటుంది.

ఆటలాడే పిల్లలున్న ఇళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం పేపర్లో లేదు... ఇంట్లోనే ఉంది.

ఒక పరీక్ష... రెండు భయాలు

మిగతా పిల్లలకు పరీక్ష అంటే మార్కులు. ఆటగాడికి మార్కులతోపాటు మరొకటి కూడా. 'ఈసారి తగ్గాయంటే ఆట బంద్' అన్న మాట ఏదో ఒక రోజు ఇంట్లో వినిపించే ఉంటుంది. సరదాకో కోపంలోనో అన్నా, ఆ మాట పిల్లల మనసులో అలాగే ఉండిపోతుంది. అప్పట్నుంచీ ప్రతి పరీక్షా 'నేను రేపు మైదానానికి వెళ్తానా లేదా' అన్న తీర్పులా కనిపిస్తుంది. ప్రాణంలా ప్రేమించేదాన్ని పణంగా పెట్టి రాస్తే చెయ్యి వణక్కుండా ఎలా ఉంటుంది!

దీనికి తోడు తరగతులు తప్పిపోయిన బెంగ. టోర్నమెంటు నుంచి వచ్చేసరికి రెండు పాఠాలు అయిపోతాయి. స్నేహితుల నోట్సు తెచ్చుకున్నా, మాస్టారు చెప్పింది వినలేదన్న లోటు ఉండనే ఉంటుంది.

తేదీలే తారుమారైతే...

ఆటైనా పరీక్షైనా ఫలానా రోజున ఉందంటే మనసు దానికి తగ్గట్టు సిద్ధమవుతుంది. ఆ రోజే తెలియకపోతే? కొవిడ్ కాలంలో జరిగిందదే. 2020 మార్చిలో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలై మధ్యలో ఆగాయి, జూన్‌లో రద్దయ్యాయి. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పది, ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు జరగలేదు. ఆటల సంగతీ అంతే. 2020లో జరగాల్సిన టోక్యో ఒలింపిక్స్ 2021 జులైలో మొదలయ్యాయి. 2021 ఖేలో ఇండియా యువజన క్రీడలు 2022 జూన్‌లోగానీ జరగలేదు. క్రీడల కోటాలో సీటుకో, ఎంపికకో ఒక్క సర్టిఫికెట్ కోసం ఎదురుచూసిన పిల్లలకు అటు పోటీ లేదు, ఇటు పరీక్షా లేదు.

ఆ రోజులు పోయాయి. కానీ పోటీ తేదీ జరగడం, ఎంపికల కబురు ఆలస్యంగా రావడం, సరిగ్గా పరీక్షల వారంలోనే టోర్నమెంటు పడటం ఇప్పటికీ మామూలే. అందుకే కోచ్‌లు చెప్పే పాత సూత్రాన్ని ఇంట్లోనూ పాటించాలి. తెల్లకాగితం మీద గీత గీసి, ఒకపక్క 'నా చేతిలో ఉన్నవి', రెండోపక్క 'లేనివి' రాయమనండి. పరీక్ష తేదీ, ప్రశ్నపత్రం, సెలెక్టర్ల నిర్ణయం రెండోపక్కకు పోతాయి. ఈరోజు చదవాల్సిన రెండు పాఠాలు, రాత్రి నిద్ర, రేపటి సాధన మొదటిపక్క మిగులుతాయి. చేయాల్సిన పని అంతే!

మెదడులో ఓ పలక

భయం వేస్తే చదివింది ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. అప్పటికప్పుడు లెక్క కట్టడానికి, వాక్యం కూర్చుకోవడానికి మెదడు ఓ చిన్న పలకలాంటి జ్ఞాపకాన్ని వాడుకుంటుంది. 'తప్పితే ఎలా, నాన్న ఏమంటారో' అన్న ఆలోచనలతో ఆ పలక నిండిపోతే లెక్కకు చోటుండదు.

మరి పలకను తుడవడమెలా? షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రమిరెజ్, బీలాక్ అనే పరిశోధకులు దీనిమీద చేసిన అధ్యయనం 2011లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. పరీక్షకు ముందు పది నిమిషాలపాటు తమ భయాలను కాగితం మీద రాసేసిన విద్యార్థులు మెరుగ్గా రాశారు. ఎక్కువ కంగారుపడే పిల్లలకు ఇది బాగా ఉపయోగపడింది. ఖర్చులేని చిట్కా, మన పిల్లలూ ప్రయత్నించొచ్చు.

ఆట నేర్పిన విద్యే

నిజానికి ఆటగాళ్లకు ఒత్తిడిని ఎదుర్కోవడం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. రోజూ చేసేదాన్నే పరీక్ష హాల్లోకి తీసుకెళ్తే చాలు.

* సర్వీసు ముందు బంతిని రెండుసార్లు నేలకేసి కొట్టడం, ఊపిరి వదలడం... ప్రతి క్రీడాకారుడికీ ఇలాంటి అలవాటొకటి ఉంటుంది. పేపరు అందగానే కూడా అలాగే చేయాలి. మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి వదిలి, పేపరంతా ఒకసారి చదివి, బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టాలి.

* ప్రాక్టీసు మ్యాచ్ ఆడకుండా ఫైనల్‌కి ఎవరూ వెళ్లరు కదా. పాత ప్రశ్నపత్రాన్ని గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా ఇంట్లో రాయాలి.

* గుండె దడదడలాడితే 'భయమేస్తోంది' అనుకోవద్దు. మ్యాచ్ ముందూ అలాగే కొట్టుకుంటుంది, అప్పుడు దాన్ని 'ఊపు' అంటాం! 'ఉత్సాహంగా ఉన్నా' అని తమకు తాము చెప్పుకున్నవారు లెక్కల పరీక్షలోనూ మెరుగ్గా రాణించారని హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో తేలింది.

* ఒక ప్రశ్న పోయిందా... ఒక పాయింటు పోయినట్టే. తర్వాతి పాయింటు ఆడాలి.

రెండూ నడిపినవారు

హరియాణాకు చెందిన అనీశ్ భన్వాలా పదో తరగతి పరీక్షల సమయంలోనే 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలు వచ్చాయి. సీబీఎస్‌ఈ అతనికి తర్వాత పరీక్షలు రాసే వీలు కల్పించింది. పదిహేనేళ్ల ఆ కుర్రాడు షూటింగ్‌లో స్వర్ణం గెలిచి తిరిగొచ్చాడు. అప్పటికి కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన భారతీయుల్లో అతనే అతిపిన్న. చెన్నై చదరంగ క్రీడాకారుడు ప్రజ్ఞానంద 2022 మేలో ఓ ఆన్‌లైన్ టోర్నీలో అనీశ్ గిరిని సెమీస్‌లో ఓడించేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లారి 8.45కల్లా బడిలో ఉండాలి, ప్లస్ వన్ పరీక్ష!

అందరూ నిద్ర మానుకుని రాయాలని కాదు. చదువా ఆటా అని వాళ్ల ముందు ఎవరూ గీత గీయలేదన్నదే ఇక్కడ విషయం. పోటీ, పరీక్ష ఒకేసారి పడేలా ఉంటే ఆఖరి వారం దాకా ఆగకండి. తేదీలు తెలియగానే ప్రధానోపాధ్యాయుణ్ని కలిసి, మీ బోర్డులో ఉన్న వెసులుబాటేమిటో అడగండి.

అమ్మానాన్నలూ... మీ వంతు

పరీక్షలొచ్చాయని ఆటను పూర్తిగా మాన్పించకండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున గంట వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. రోజూ పరిగెత్తే ఒళ్లు ఒక్కసారిగా కుర్చీకి అతుక్కుపోతే నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది. సాధన సమయం తగ్గించండి, అంతే. తిండి మానేసినా, రోజుల తరబడి నిద్రలేకున్నా, మాట తగ్గించేసినా తేలిగ్గా తీసుకోకుండా వైద్యుల్ని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

అన్నిటికన్నా ముందు, పరీక్షకు వెళ్లే ముందురోజు రాత్రి ఒక్క మాట చెప్పండి. 'మార్కులు ఎన్నొచ్చినా సరే, సాయంత్రం నీ బూట్లు నీ చోటే ఉంటాయి' అని. రెండు భయాల్లో పెద్దది అక్కడితో పోతుంది. మిగిలిన చిన్నదాని సంగతి... కూతకెళ్లి అవుట్ చేసి రావడం వాళ్లకు తెలియనిదా!