పెరటి పందిరికి స్నానాల నీళ్లు చాలు

రెండెకరాలు సాగు చేసే రైతు సంతలో సంచి పట్టుకుని సొరకాయ బేరమాడుతుంటే చూడ్డానికి బాగుండదు. కానీ మన పల్లెల్లో జరుగుతున్నది అదే. చేలో పత్తో, మిరపో, మొక్కజొన్నో వేస్తాం. కూర మాత్రం కొనుక్కుంటాం. అదే రైతు ఇంటి వెనక స్నానాల నీళ్లు గోడవారన మడుగు కట్టి ఉంటాయి. దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో పిల్ల దోమ రెక్కలతో లేచేది ఆ మడుగులోంచే.

ఈ రెంటికీ కలిపి ఒకటే ఉపాయం ఉంది. పెరట్లో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున ఒక పందిరి. అంటే 120 చదరపు అడుగులు. సెంటు అంటే సుమారు 435 చదరపు అడుగులు కదా, పావు సెంటుకు కాస్త ఎక్కువన్నమాట. అంత జాగా లేని పెరడు తక్కువ. నీళ్లంటారా? నలుగురున్న ఇంట్లో మనిషికి రెండు బకెట్లు వేసుకున్నా రోజుకు ఎనిమిది బకెట్లు. నాలుగు పాదులకు అంతకంటే ఏం కావాలి?

గుంజ గట్టిదైతేనే పందిరి

పందిరి అనగానే చేతికందిన కర్రలు నాలుగు పాతేసి పైన కంప పరుస్తారు. నేనూ అలాగే చేశాను. అడుగు లోతు గుంటల్లో వెదురు బొంగులు పాతి, రెండు సొర పాదులు ఎక్కించాను. కాయ కూడా బాగా దిగింది. కార్తీకంలో ఒక రాత్రి గాలీవానా వచ్చి, తెల్లారి చూస్తే పందిరి మొత్తం కాయలతో సహా గేదె మీద పడి ఉంది. గేదె దక్కింది గానీ ఆ ఏడు పంట పోయింది. తడిసిన తీగ, ఆకు, కాయ కలిపి ఎంత బరువు ఉంటుందో అప్పటిదాకా నాకు తట్టలేదు.

కాబట్టి గుంజలు ఆరు ఉండాలి. సుబాబుల్, సరుగుడు, వేప ఏదైనా సరే. ఎనిమిదిన్నర అడుగుల గుంజ తీసుకుంటే రెండు అడుగులు భూమిలోకి, ఆరున్నర పైకి ఉంటుంది. ఆ ఎత్తయితే ఆడవాళ్లు వంగకుండా కింద తిరగొచ్చు, చెయ్యి చాస్తే కాయ అందుతుంది. భూమిలో ఉండే భాగాన్ని, పైన ఇంకో అర అడుగును కలిపి మంట మీద నల్లగా కాల్చి గానీ, తారు పూసి గానీ పాతండి. లేకపోతే రెండో ఏటికే చెదలు తినేస్తాయి. గుంటలో మట్టితో పాటు రాళ్లు వేసి కుమ్మాలి. నాలుగు మూలల గుంజలకు బయటివైపు మేకు పాతి తీగతో లాగి కట్టాలి. ఈ పని ఎక్కువమంది వదిలేస్తారు. గాలికి నిలిచేది దీనివల్లే. నాపరాయి దగ్గరున్న ఊళ్లలో రాతి స్తంభాలు దొరికితే ఈ బాధలేవీ లేవు.

పైన అడుగున్నర ఎడంగా ఇనుప తీగ అటూ ఇటూ లాగాలి. ఖర్చనుకుంటే కొబ్బరి తాడు వాడొచ్చు, ఏటేటా మార్చుకోవాలి. ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఇంట్లోకి వచ్చే కరెంటు సర్వీసు వైరు పందిరి పక్కనుంచి గానీ, పైనుంచి గానీ పోతుంటే ఆ చోట పందిరి వేయొద్దు. వైరు మీది తొడుగు ఎక్కడో చిట్లి ఉంటుంది, తడి తీగ దానికి తగులుతుంది. కాయ కోయబోయిన మనిషి ప్రాణం పోతుంది.

నీటిని దారిలో పెట్టడం

స్నానాల గది తూము దగ్గర అడుగున్నర గుంట తీసి ఇటుక ముక్కలు, పైన ఇసుక వేయండి. వెంట్రుకలు, సబ్బు తెట్టు అక్కడ ఆగుతాయి. పదిహేను రోజులకోసారి పై ఇసుక మార్చాలి. అక్కడినుంచి చిన్న కాలువ తీసి పాదుకు మూరెడు దూరంలో పారించాలి, మొదలు మీదికి కాదు. ఒకరోజు ఒకవైపు, మర్నాడు ఇంకోవైపు మళ్లించుకుంటే ఎక్కడా నిలవదు. నల్లరేగడిలో నీళ్లు ఇంకవు కాబట్టి అక్కడ పాదును గట్టులా ఎత్తు చేసుకోవాలి. బట్టలుతికిన మొదటి నీళ్లలో సోడా, సబ్బు ఎక్కువ, అవి పాదుకు పెట్టొద్దు. జాడించిన నీళ్లయితే ఫరవాలేదు. మరుగుదొడ్డి నీరు ఇందులో కలవనే కూడదు. పచ్చిగా తినే కొత్తిమీర లాంటి వాటికి స్నానాల నీళ్లు వద్దు. తాగే బావి, బోరు కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి.

పాదు గుంట అడుగున్నర లోతు, అంతే వెడల్పు. బాగా చివికిన పశువుల ఎరువు రెండు గంపలు, అరకిలో వేపపిండి పైమట్టిలో కలిపి నింపాలి. తొలకరికి ముందే గుంటలు సిద్ధం చేసుకుంటే మంచిది. ఈ పందిరికి ఒక సొర (కొన్ని ఊళ్లలో ఆనప అంటారు), రెండు బీర, ఒక చిక్కుడు సరిపోతాయి. గుంటకు మూడు నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైన మొక్క ఒకటో రెండో ఉంచి మిగతావి పీకేయాలి. పీకడానికి చేతులు రావు, నిజమే. పీకకపోతే అన్నీ ఆకులే.

చిక్కుడు సంగతి వేరు. మన పాతరకం పందిరి చిక్కుడు ఆషాఢంలో పెట్టినా భాద్రపదంలో పెట్టినా పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టే ఆచారం ఊరికే రాలేదు. తీగ ఏపుగా ఉండి పూయలేదని తొందరపడి పీకేయకండి.

పిందె రాలితే మందు కాదు

పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయని చాలామంది అడుగుతుంటారు. వెంటనే పత్తికి తెచ్చిన మందు మిగిలింది కదా అని కొట్టేస్తారు. అసలు కారణం చాలాసార్లు పురుగు కాదు, పుప్పొడి అందకపోవడం. సొర, బీరల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగదానికి సన్నని కాడ ఉంటుంది. ఆడదానికి పువ్వు కింద చిటికెన వేలంత పిందె ఉంటుంది. మొదట్లో కొన్నాళ్లు మగపూలే వస్తాయి, దిగులక్కర్లేదు.

ఈ రెండూ సాయంత్రం విచ్చుకుంటాయి. సొర తెల్లపువ్వు దీపాల వేళకు విప్పుకుంటుంది. మందులు కొట్టి కొట్టి ఈగలు, రెక్కల పురుగులు తగ్గిన ఊళ్లలో పుప్పొడి మోసే దిక్కు ఉండదు. అప్పుడు మనమే ఆ పని చేయాలి. మగపువ్వు తెంపి రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు వస్తుంది. కాకర, దోస, గుమ్మడి అయితే ఈ పని పొద్దున్నే చేయాలి.

కాయ వంకర తిరిగి, జిగురు కారి కుళ్లితే అది పండు ఈగ పని. అలాంటి కాయను పందిరి కిందే పారేస్తే లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. ఏరి, రెండడుగుల లోతున పూడ్చండి. పిందె వేలెడు ఉన్నప్పుడే కాగితం సంచి తొడిగితే ఈగ కుట్టలేదు. పాదుల కింద మట్టి గీరి కోళ్లను వదిలితే మిగతా పని అవే చూసుకుంటాయి. గంధకం పొడి మాత్రం ఈ పాదుల మీద చల్లొద్దు, ఆకు మాడిపోతుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే ఆదేశించింది. మీ పిల్లలు తినే కాయ అది, మిగిలిన మందుకు పెరడు చోటు కాదు.

ఇంకో జాగ్రత్త. సొరకాయ కోసేటప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ పారేయాలి. ఉడికించినా ఆ విషం పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

వీధికో విత్తనం

ఒక వీధిలో నాలుగిళ్లవాళ్లు పందిళ్లు వేస్తే ఒకరు సొర గింజ, ఒకరు చిక్కుడు గింజ నిలబెట్టి పంచుకోవచ్చు. దొండకు గింజ అవసరమే లేదు, బాగా కాసే పాదు నుంచి పెన్సిలు లావు ముక్క, మూడు నాలుగు కణుపులున్నది తెచ్చి గుచ్చితే చాలు. సంకర విత్తనం కొని వేసిన కాయ నుంచి మాత్రం గింజ తీయొద్దు, మళ్లీ అదే కాయ రాదు.

సొరతో ఒక చిక్కుంది. మీ ఇంట్లో పొడుగు రకం, పక్కింట్లో గుండ్రం రకం ఉంటే పుప్పొడి కలిసిపోయి వచ్చే ఏడు ఏ రకమూ కాని కాయలొస్తాయి. అందుకని విత్తనానికి అనుకున్న ఆడమొగ్గను, రెండు మగమొగ్గలను విచ్చుకోకముందే కాగితం సంచి తొడిగి కట్టాలి. సాయంత్రం విప్పి, అద్ది, మళ్లీ కట్టాలి. రెండు రోజులయ్యాక సంచి తీసి కాడకు ఎర్రదారం కడితే ఇంట్లోవాళ్లు పొరపాటున కూరకు కోయరు. తొక్క గట్టిపడి, ఊపితే గింజ గలగలమనే దాకా తీగకే ఉంచాలి. గింజలు తీసి నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి, ఏ రకమో, ఏ నెలలో తీశారో కాగితం ముక్క మీద రాసి లోపల వేయండి. అడిగినవాళ్లకు పది గింజలు ఇచ్చేటప్పుడు ఆ చీటీ కూడా రాసి ఇవ్వండి.