మీకు తెలుసా? పేరే గాని రూపము లేని ప్యాకేజీ
డెబియన్ లినక్స్ భాండాగారమున ‘మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్’ అను పేర ఒక్క ప్యాకేజీ ఫైలైనను లేదు. అయినను ఆ పేరు తమకు ఆవశ్యకమని ప్రకటించు ప్యాకేజీలు అనేకములు కలవు. ఎక్సిమ్, పోస్ట్‌ఫిక్స్ వంటి తపాలా ప్రోగ్రాములు తమ వివరపత్రమందలి ‘ప్రొవైడ్స్’ అను పంక్తిలో ఆ నామమును ధరించి, దానిని కోరినవారి యక్కర తీర్చుచున్నవి. ఇంతకన్న విచిత్రమేమనగా, తాము ధరించిన ఆ నామముతోనే తమకు వైరమని ‘కాన్‌ఫ్లిక్ట్స్’ పంక్తిలో అవియే చాటుకొనుచున్నవి (నామధారుల నడుమ ఇట్టి యసూయ లోకమునకు క్రొత్త కాదు). తనతో తనకు వైరము చెల్లదు గనుక, అదే పేరు దాల్చిన మరియొకటి మాత్రమే వెలియగును; యంత్రమున ఒక్క తపాలా ప్రోగ్రామే నిలుచును. ఇట్టి కల్పిత నామములకు వెర్షన్ సంఖ్యను జోడించు వెసులుబాటు 2014లో, ప్యాకేజీలను యంత్రమున నెలకొల్పు ‘డీపీకేజీ’ అను ప్రోగ్రాము యొక్క 1.17.11 వెర్షన్‌తో గాని రాలేదు.